ఒద్దిక మందు

నా పేరు విరూపాక్షాచారి. ప్రొద్దుటూరు బంగారంగళ్ల వీధిలో నలభై మూడేళ్లు చెవులూ ముక్కులూ కుట్టాను. మాట్లాడే రోజుల్లో వాగుడుకాయనని వీధంతా అనేది. ఇప్పుడు నాలుక లేదు గనుక కాగితం మీద వాగుతున్నాను. చదివి నన్ను తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే సగంలో ఆపి తిట్టకండి, మొత్తం చదివి తిట్టండి.

చెవి కుట్టడమంటే తమ్మెలో తీగ దించడం అనుకుంటారు. అది ఎవడైనా దించుతాడు. దించిన తరువాత ఆ ఒళ్లు పోగును ఉంచుకుంటుందా, తోసేస్తుందా అని కనిపెట్టడమే అసలు పని. కొందరి ఒంటికి బయటి వస్తువు గిట్టదు. ముల్లును ఎలా బయటికి తోస్తుందో బంగారాన్నీ అలాగే తోస్తుంది. ముందు పోగు కాస్త వాలుతుంది. వారం తరువాత చూస్తే రంధ్రం మనం పెట్టిన చోట ఉండదు, అంచు వైపు జరిగి ఉంటుంది. పై చర్మం ఉల్లిపొరలా పలచబడి లోపలి తీగ కనబడుతుంది. చుట్టూ ఎర్రబడి పొట్టు రాలుతుంది. ఆ దశలో తీసేస్తే తమ్మె దక్కుతుంది. ఇంకో రెండు రోజులు చూద్దామనుకుంటే తమ్మె రెండుగా చీలి, తెల్లారేసరికి పోగు పక్కలో దొరుకుతుంది.

అందుకే కుట్టేదానికన్నా తల్లులను తిట్టేది ఎక్కువ. "వెంట్రుకంత తీగ పెట్టమంటావేందమ్మా, అది కోసుకుంటా బయటికొస్తాది." "గడియకోసారి ఏలు పెట్టి తిప్పొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" "రాగి కలిసిన బంగారం వద్దు, చెవి చీమొస్తాది, ఆనక నన్నంటావు." ఇలా అరిచేవాణ్ని. వాళ్లు నవ్వేవాళ్లు. నా దగ్గర కుట్టించుకున్న చెవి చెడదని పేరుండేది.

అంత పేరున్నవాడికి కన్న కూతురి చెవులు లొంగలేదు. సర్వమంగళకు మూడుసార్లు కుట్టాను. పదకొండో నెలలో ఒకసారి, అయిదో ఏట ఒకసారి, పెద్దమనిషి అయినప్పుడు ఒకసారి. మూడుసార్లూ దాని ఒళ్లు పోగును తోసేసింది. మూడోసారి కుడి తమ్మె చీలింది. పెళ్లిళ్లకు పోతే "ఏం ఆచారీ, ఊరందరికీ కుట్టి కూతురిని బోడిచెవులతో తిప్పుతాండావే" అని ఎగతాళి చేసేవాళ్లు. అది జుట్టు చెవుల మీదికి దువ్వుకుని మూలన కూర్చునేది. తల్లి లేని పిల్ల.

"ఎందుకు తోసేస్తాది నాయనా?" అని అడిగేది. "నీ ఒంటి తత్వం అంతే పాపా" అనేవాణ్ని. ఆ జవాబు దానికి నచ్చలేదు. చదివింది. ఇంకా చదివింది. తిరుపతిలో ఒక ప్రైవేటు పరిశోధనశాలలో చేరి, పద్నాలుగేళ్లు ఆ ఒక్క ప్రశ్న మీదే కూర్చుంది.

మధ్యలో పెళ్లి చేశాను. నా చెల్లెలి కొడుకు ఓంకారానికిచ్చి. అది మనసులో ఇంకెవరినో అనుకుందని నాకు తెలుసు. తెలియనట్టు ఉన్నాను. చెల్లెలు పోయేముందు నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. మా ఇళ్లల్లో మేనరికం కొత్త కాదు, పిల్ల బయటికి పోదని నాకూ నిమ్మళం. ఓంకారం మంచివాడు, నా పక్కనే కూర్చుని వెండిపని చేసేవాడు, గొంతెత్తి మాట్లాడి ఎరగడు. వాళ్లకు ప్రణవి పుట్టింది. మంగళ తిరుపతిలో ఉద్యోగం, వారానికోసారి రాక. పిల్ల నా ఒళ్లో, నా కుంపటి పక్కన పెరిగింది. ఏడాది నిండాక చెవులు కుట్టాను. నలభై రోజులకు తోసేసింది. తల్లి ఒళ్లే.

ఒక శనివారం మంగళ నన్ను తిరుపతికి పిలిపించింది. పరిశోధనశాలలో తెల్లెలుకల గదికి తీసుకుపోయింది. ప్రతి ఎలుకకూ రెండు చెవుల్లోనూ సన్నటి తీగ ముక్కలు. ఎడమ చెవులన్నీ ఎర్రబడి చీలి ఉన్నాయి. కుడి చెవుల్లో తీగ పుట్టుకతో వచ్చినట్టుంది.

"కుడిచెవికి మందు పూసినాం నాయనా. ఒంట్లో కాపలావాళ్లుంటారు. బయటోడు కనబడితే తరుముతారు. ఈ మందు పూసినచోట మాత్రం వాళ్లు కొత్తగా వచ్చినోన్ని మనోడే అనుకుంటారు. జన్మకంతా అట్లనే అనుకుంటారు."

"ఎలకలకు సరే. మనుషులకో?"

అది జుట్టు వెనక్కి తీసింది. రెండు తమ్మెలకూ పోగులున్నాయి. జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకుని దగ్గరికి పోయి చూశాను. ఎరుపు లేదు, పొట్టు లేదు, వాలు లేదు. తొమ్మిది నెలలైందట కుట్టించుకుని, నాకు చెప్పకుండా. ముప్పై ఆరేళ్ల కూతురిని పట్టుకుని, ఎలుకల ముందర, భోరున ఏడ్చాను. ఆ మందుకు వాళ్లు ఏదో అంకె పెట్టుకున్నారు. నేను ఒద్దిక మందు అన్నాను. చివరికి అందరూ అదే పేరుతో పిలిచారు.

పెద్దవాళ్లు అరవై మంది మీద చూశారు. నర్సులు, కొత్త సూదులు, అన్నీ పద్ధతి ప్రకారం. ఒక్కటీ చెడలేదు. ఆ తరువాత పిల్లల వంతు వచ్చింది. పోగు నిలవని ఆడపిల్లలు కావాలి. అలాంటి వాళ్ల జాబితా నా బుర్రలోనే ఉంది, పదిమంది పేర్లు చెప్పాను. పదకొండోది ప్రణవి, అప్పటికి ఆరేళ్లది. తల్లులు ఒప్పుకున్నారు కానీ ఒక మెలిక పెట్టారు. అందరి తరఫునా నాగమునెమ్మ చెప్పింది. మా వీధి చివర పూలమ్ముతుంది, నోరు పెద్దది.

"మందు మీదైనా పూసుకోండమ్మా. చెవులు కుట్టే తుపాకీతో కొట్టేదీ, ఎవురో నర్సు పొడిచేదీ మాకొద్దు. మీ నాయన తూర్పు ముకం కూచోని బంగారు తీగతో కుట్టల్ల. అప్పుడే నా భవ్యను ఇస్తా."

నాకు ఛాతీ ఉబ్బింది. నిజం చెప్పుకోవాలి కదా.

మా అంగడి వెనక గదినే కడిగి, సున్నం కొట్టి, దీపాలు పెట్టారు. మంగళ నాకు వారం రోజులు పాఠం చెప్పింది. మోచేతుల దాకా సబ్బు, ఆపైన స్పిరిట్టు, చేతులకు తొడుగులు, మూతికి మాస్కు. బంగారు తీగలు మరగబెట్టి డబ్బాలో పెట్టి ఇచ్చేవాళ్లు. మా పద్ధతిలో సూది వేరు, పోగు వేరు కాదు. తీగ కొసనే మొనదేల్చి దాంతోనే కుట్టి అక్కడే చుట్ట చుడతాం. మొదటి పిల్లకే చిక్కొచ్చింది. మాస్కు పెట్టుకుంటే ఊపిరి ఆవిరై భూతద్దానికి పట్టింది. గుడ్డివాడిలా తమ్మె వెతుక్కుంటున్నాను.

"మంగళా, ఇట్లయితే పిల్లకు కంట్లో కుడతా."

అది భూతద్దం తుడిచి ఇచ్చింది, మళ్లీ ఆవిరే పట్టింది. "సరే, మాస్కు గడ్డం కిందికి లాక్కో. మాట్లాడొద్దు, దగ్గొద్దు."

నేను కుట్టడం, మంగళ మందు పూయడం, పైన కెమెరా చిత్రం తీయడం. అలా పదకొండు మందికీ ఇరవై రెండు చెవులు కుట్టాం. ప్రణవి ఏడవలేదు. "అద్దం తెండి" అంది.

ప్రతి ఆదివారం పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి చూసేవాణ్ని. పోగు వాలిందా, రంధ్రం జరిగిందా, చర్మం పలచబడిందా, పొట్టు రాలుతోందా. ఏమీ లేదు. ఆరు నెలలు ఏమీ లేదు. ఊళ్లో నా కూతురి పేరు మోగిపోయింది. ఎగతాళి చేసిన నోళ్లే "ఆచారి కూతురు గట్టిది" అన్నాయి.

ఎనిమిదో నెలలో నాగమునెమ్మ భవ్యను తీసుకొచ్చింది. తమ్మె వెనక శనగగింజంత గడ్డ. నేను చూసి, కాయ కట్టిందిలే, కొందరికి మచ్చ అలా లేస్తుంది, ఆముదం రాయమన్నాను. నలభై మూడేళ్ల అనుభవం కదా. పదిహేను రోజులకు అది గచ్చకాయంతైంది. అదే వారం ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ ఆదివారం వరసలో చూస్తే అయిదుగురికి చేతికి తగిలింది. ప్రణవిని చివర పిలిచాను. చెవి వెనక వేలు పెట్టాను. చిన్నది, బియ్యపు గింజంత. ఉంది.

మంగళకు ఫోను చేశాను. గడ్డ ముక్కలు కోసి తిరుపతికి తీసుకుపోయారు. వారం తరువాత నన్నూ రమ్మన్నారు. అక్కడ మంగళకు పైఅధికారి డాక్టరు రహమతుల్లా, జమ్మలమడుగు మనిషి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. డాక్టరు మంచినీళ్లిస్తే భయపడాలి.

"ఆచారన్నా, ఇది క్యాన్సరు. అది ఒక సంగతి. రెండో సంగతి, ఆ కండ ఆ పిల్లోల్లది కాదు. అయిదుగురిలోనూ ఒకే మనిషి కండ పెరుగుతాంది. మొగమనిషిది. వయసైనోనిది."

నాకు అర్థం కాలేదు. "ఒకరి ఒంట్లో ఇంకొకరి కండ ఎట్ల పెరుగుతాది సార్?"

"పెరగదు. మామూలుగా ఐతే ఒళ్లు తోసేస్తాది, దాని పనే అది. కానీ మనం మందు పూసి, ఈడికి వచ్చినోల్లంతా మనోల్లేనని చెప్పినాం గదా. బంగారంతో పాటు ఇంకేదో పోయింది. దాన్ని గూడా ఉంచుకునింది."

మంగళ కంప్యూటరులో కుట్టిన రోజు చిత్రం పెట్టింది. తెర మీద నేను. మొదటి పిల్ల. డబ్బాలోంచి తీగ తీశాను. కొసను నాలుక మీద పెట్టి తడిచేశాను. తమ్మెలో దించాను. రెండో చెవికి మళ్లీ తీగ, మళ్లీ నాలుక. రెండో పిల్ల. నాలుక. మూడో పిల్ల. ఇరవై రెండుసార్లు.

ఒట్టేసి చెబుతున్నాను, అలా చేస్తానని నాకు తెలియదు. మా నాయన అలాగే చేసేవాడు, ఆయన నాయన అలాగే చేసేవాడు. తడి కొస జారుతుంది, పిల్లకు నొప్పి తెలియదు. అది చెయ్యి చేసే పని, బుర్రకు చెప్పి చేసేది కాదు. పక్కనున్న వాళ్లంతా పిల్ల చెవిని చూశారు తప్ప నా మొహం చూడలేదు.

"నాయనా, నోరు తెరువు" అంది మంగళ.

నేను తెరవలేదు.

"నోరు తెరువు నాయనా!"

తెరిచాను. నాలుక ఎడమ అంచున ఏడాది పైగా ఒక పుండు ఉంది. పొగాకు దవడకు పెట్టుకునే అలవాటు నాకు. మంగళకు చెబితే పొగాకు మాన్పిస్తుందని దాచాను. ఇంతే కారణం, ఇంతకు మించి పెద్ద కారణమేమీ లేదు. చిటికెడు పొగాకు కోసం దాచాను.

మంగళ టార్చి వేసి చూసింది. టార్చి బల్ల మీద పెట్టింది. "మాస్కు తియ్యమన్నది నేనే" అని ఒక మాట అంది.

వార్త ఊరికి తెలిసిన రోజు నాగమునెమ్మ మా అంగడి ముందు నిలబడి మట్టి ఎత్తి పోసింది. "నీ చేతులు పడిపోను! నీ రోగం నా బిడ్డకు అంటించినావు గదరా! ఆచారివని నమ్మి బిడ్డ చెవి నీ చేతిలో పెడితి గదరా!" ఓంకారం తలుపు వేయబోయాడు, వద్దన్నాను. ఆమె అలిసిపోయేదాకా నిలబడి విన్నాను.

అప్పటికి పదకొండు మందికీ గడ్డలు లేచాయి, అన్నీ కోసి తీసేసి చూశారు. భవ్యకు కోసిన చోటే రెండు నెలల్లో మళ్లీ లేచింది, మెడ గ్రంథుల్లోనూ కనబడింది. ఒళ్లు అడ్డు చెప్పనప్పుడు అది ఎందుకు ఆగుతుంది? అప్పుడు మంగళా రహమతుల్లా గారూ ఒక ఉపాయం పట్టారు. ఒంటికి మరిపించినదాన్ని మళ్లీ గుర్తు చేయాలి. నా గడ్డ కణాలనే తీసుకుని, చంపి, ఘాటైన మందుతో కలిపి పిల్లల భుజానికి సూదిగా వేయాలి. చెవి దగ్గర మనోడు అనుకున్నవాణ్ని భుజం దగ్గర దొంగగా చూపిస్తే, ఒళ్లు మేలుకుని ఎక్కడున్నా తరుముతుందని. ఎలుకల్లో పనిచేసింది.

కానీ దానికి ప్రతి వారం తాజా కణాలు కావాలి. సీసాల్లో పెంచితే వాటి గుణం మారిపోతోంది. నా నాలుక మీద పెరిగేవే కావాలి. పెరుగుతూ ఉండాలి.

"అంటే నాయనకు వైద్యం చెయ్యకూడదు" అంది మంగళ, రహమతుల్లా గారితో, నా ముందే. "ఇప్పుడు కోసి తీసేస్తే బతుకుతాడు. ఆర్నెల్లు ఆగితే..."

"ఆగుదాం పాపా. దీంట్లో ఆలోచించేదేముంది?" అన్నాను.

నేను త్యాగమూర్తినని ఎవరూ అనుకోకండి. పదకొండు మంది పిల్లలు చస్తుంటే నేను నోరు బాగుచేయించుకుని ఆకువక్క వేసుకుంటానా? ప్రతి బుధవారం తిరుపతికి పోయేవాణ్ని. కుర్చీలో తల వెనక్కి వాల్చేవాణ్ని. నా కూతురే కత్తెరతో ముక్క కోసుకునేది, ఇంకెవరినీ కోయనివ్వలేదు. అయ్యాక పక్క గదికి పోయి కక్కుకునేది, నాకు వినబడేది. మూడో నెలకు నా మాట ఎవరికీ తెలియడం లేదు. నాలుగో నెలకు పలక కొనుక్కున్నాను.

ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. తల్లులు నా అంగడికి రామన్నారు, అందుకని ఓంకారం బడి గది అడిగి పెట్టాడు. నేను భూతద్దంతో వరసగా చూసేవాణ్ని. ఇన్నేళ్లూ ఏది కనబడకూడదని మొక్కానో, ఇప్పుడు అది కనబడాలని మొక్కాను. ఒక్క పోగు వాలితే చాలు. ఒక్క తమ్మె ఎర్రబడితే చాలు.

సూదులు మొదలైన తొమ్మిదో ఆదివారం భవ్య చెవి చుట్టూ పొట్టు కనబడింది. పోగు కాస్త వాలింది. రెండు వారాలకు చర్మం పలచబడి తీగ కనిపించింది. గడ్డ వేడెక్కి మెత్తబడింది. ఆ తరువాత ఒక పొద్దున నాగమునెమ్మ పరుగెత్తుకుంటూ మా ఇంటికే వచ్చింది, అరచేతిలో పోగు పట్టుకుని.

"ఊడిపోయిందబ్బా! తమ్మె చీలి ఊడిపోయింది! గడ్డ గూడా సగానికి సగం దిగింది ఆచారన్నా!" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చెవి చీలిందని ఒక తల్లి సంతోషంతో ఏడవడం నేను అంతవరకూ చూడలేదు. నేనూ ఏడ్చాను.

వరసగా పదిమందికీ అలాగే జరిగింది. ఎర్రబడడం, పొట్టు రాలడం, రంధ్రం జరగడం, ఊడడం. చెవులు చీలిపోయాయి, మచ్చలు పడ్డాయి, జన్మలో ఆ పిల్లలు పోగు పెట్టుకోలేరు. మెడలో గ్రంథులు దిగిపోయాయి. పదిమందీ బతికారు.

ప్రణవి చెవి మాత్రం చల్లగా ఉంది. ఎన్నిసార్లు చూసినా చల్లగా, నున్నగా, అందంగా ఉంది. వెనక గడ్డ మాత్రం నిమ్మకాయంత అయింది. సూది మోతాదు పెంచారు. రెండింతలు చేశారు. భుజం వాచింది, జ్వరం వచ్చింది, చెవి మాత్రం కదల్లేదు. జుట్టు ఊడేలా వేరే మందులు కూడా ఎక్కించారు. గడ్డ వాటినీ లెక్కచేయలేదు.

రహమతుల్లా గారు ఓంకారం రక్తం, మంగళ రక్తం, నా రక్తం తీయించాడు. నాలుగు రోజుల తరువాత ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"బంగారానికి ముద్రేస్తారు గదా ఆచారన్నా, ప్రతి ఒంటికీ అట్ల రెండు ముద్రలుంటాయి. తల్లి వైపుది ఒకటి, తండ్రి వైపుది ఒకటి. వాటిని చూసే ఒళ్లు మనోడా, పరాయోడా అని పోల్చుకుంటాది. మీ రెండు ముద్రల్లో ఒకటి మంగళ ద్వారా పాపకొచ్చింది. రెండోది మీ చెల్లెలికీ ఉండాది. ఆమె నుంచి ఓంకారానికి, ఓంకారం నుంచి పాపకు. మీ రెండు ముద్రలూ పాపలోనే చేరినాయి. మిగతా పదిమందికి మీరు పరాయోల్లు, గుర్తు చేస్తే తోసేసినారు. ఈ పాపకు తోసేదానికి మీలో పరాయిది ఏమీ కనపడదు."

ఓంకారం ఎప్పుడూ మాట్లాడడు. ఆరోజు మాట్లాడాడు. "సార్, భవ్య నెత్తుర్లో ఉండే కాపలావాళ్లకు మామను తరిమేది వచ్చింది గదా. వాళ్లను కొంచెం తీసి మా పాపకు ఎక్కిస్తే?"

రహమతుల్లా గారు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వాళ్లు ఆ ముద్రల్ని చూసి తరుముతారు ఓంకారం. ఆ ముద్రలు పాప ఒంట్లో అంతటా ఉండాయి. గడ్డనూ పాపనూ వేరు చేసి చూడలేరు. చర్మం, పేగులు, కాలేయం, అన్నీ తోసేస్తారు."

ఆ గదిలో మంగళ నా వైపు తిరిగింది. దాన్ని అలా ఎన్నడూ చూడలేదు.

"నేను వద్దన్నా. ఆపొద్దు నేను నీ కాళ్లు పట్టుకోని వద్దన్నా. అత్తకు మాటిచ్చినా, మన పిల్ల మన ఇంట్లోనే ఉండల్ల అన్నావు. ఉండాది చూడు నాయనా. అంతా మన ఇంట్లోనే ఉండాది."

పక్కన ఓంకారం కూర్చుని ఉన్నాడు. ఆ మాట అతనికీ తగిలింది, తల దించుకున్నాడు. నేను పలక మీద సుద్ద నొక్కాను. సుద్ద విరిగిపోయింది. ఆరోజు తరువాత మంగళ నాతో మాట్లాడలేదు. రెండు నెలలు. పదిమంది పిల్లలకూ ఇక సూదులు అవసరం లేదు గనుక నా నాలుక తీసేశారు. నాకు మరో రెండేళ్లు ఆయుష్షు ఉండొచ్చన్నారు. ఆ మాట అన్న డాక్టరును కొట్టబుద్ధేసింది.

ప్రణవికి ఊపిరితిత్తుల్లో మచ్చలు కనబడ్డాయి. చెవి గడ్డ బరువుకు మెడ ఎత్తలేకపోయేది, నొప్పికి రాత్రీ పగలూ నిద్ర లేదు. గడ్డ ఉన్న చెవి తీసేద్దామన్నారు. అది బతికించడానికి కాదు, ఆ నొప్పి తగ్గించడానికి. ఆ సంగతి ప్రణవికి తప్ప అందరికీ తెలుసు. ఆపరేషను తరువాత అది ఇరవై ఆరు రోజులుంది. ఆ ఇరవై ఆరు రోజుల గురించి నేను రాయను, నా వల్ల కాదు. ఆపరేషను రోజు పొద్దున గురించి మాత్రం రాస్తాను.

ఆపరేషను గదిలోకి బంగారం పోకూడదట. నర్సు ఆ చెవి పోగు తీయబోతే రాలేదు. చర్మం తీగను పట్టేసింది. ఆమె చెయ్యి వేసినప్పుడల్లా పిల్ల అరిచింది. "తాతే తియ్యల్ల" అని పట్టుబట్టింది. నన్ను పిలిపించారు.

శ్రావణం, అంటే మా సన్న పట్టకారు, చిన్న కత్తెర తీసుకుని పోయాను. మంగళ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. ఓంకారం మంచం కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ప్రణవి నా ఒళ్లోకి ఎక్కింది. బరువే లేదు. బోడి తల నా ఛాతీకి ఆనించి చెవి చూపించింది. ఈసారి మాస్కు పెట్టుకున్నాను. భూతద్దానికి ఆవిరి పడితే తుడుచుకుని మళ్లీ చూశాను.

రంధ్రం నేను పెట్టిన చోటే ఉంది, నూలుపోగంత కూడా జరగలేదు. ఎరుపు లేదు. పొట్టు లేదు. తీగ చుట్టూ చర్మం చక్కగా ఒదిగి ఉంది. నా నలభై మూడేళ్లలో అంత బాగా కుదిరిన పోగు ఇంకొకటి లేదు.

"తాతా, భవ్యది ఊడిపోయింది తెలుసా?" అంది ప్రణవి.

తల ఊపాను.

"అందరివీ ఊడిపోయినాయంట. చెవులు గూడా తెగిపోయినాయంట. నాదొక్కటే ఊడలే. మందు అందరికీ ఒకటే గదా. మల్ల నాదొక్కటే ఎందుకు ఊడలేదో నాకు తెలుసు." నా చెవి దగ్గరికి జరిగి గుసగుసగా చెప్పింది. "నువ్వు అందరికన్నా నాకే బాగా కుట్టినావు. అవును గదా?"

కత్తెర తీగ కింద పెట్టాను. ప్రణవి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. జవాబు కావాలి దానికి.

కిటికీ దగ్గరనుంచి, ఇటు తిరగకుండానే, రెండు నెలల తరువాత మంగళ నాతో మాట్లాడింది. "చెప్పు నాయనా. పాప అడుగుతాంది."

అవునని తల ఊపాను. ప్రణవి నవ్వింది. నేను తీగ కత్తిరించాను.